కవికోకిల గుఱ్ఱము జాషువ జీవితము

సరస్వతికిని లక్ష్మికిని పొత్తు కుదురదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. కవుల చరిత్రములను తిరుగవేసి చూచినచో నీ మాటకు నిదర్శనములు కావలసినన్ని దొరకును. కొండవీటి రెడ్డిరాజుల కొలువున విద్యాధికారియై, ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకము పొందినవాడని ప్రసిద్ధికెక్కిన శ్రీనాథ కవిసార్వభౌముడు, తన్నాదరించిన రాజ్యములు కూలిన పిదప ముదిమియందు కృష్ణాతీరమున భూమి గుత్తకు దీసికొని సేద్యము చేసెననియు, ఏటి వరదకు పైరు పోగా పన్ను చెల్లింపలేక నడివీథిలో నవమానముల పాలయ్యెననియు మన దేశమున పరంపరగా చెప్పుకొందురు. ఆ కథ విని కన్నీరు పెట్టని తెలుగువాడుండడు.

ఐనను శ్రీనాథునకు కష్టము కడపటి దినములలో వచ్చినది. అంతకు ముందు సభలు ఆయనను లేచి నిలిచి గౌరవించినవి. మేమిప్పుడు చెప్పబూనిన మహాకవి కట్లు కాదు. ఆయన పుట్టినప్పుడే ఆయన కష్టమును పుట్టినది. సభలోనికి వచ్చుటయే ఆయన చేసిన మొదటి యపరాధముగా నెంచబడినది. మధుర శ్రీనాథుడను బిరుదు పొందియు, ఆ శ్రీనాథుడు బాల్యమున నెఱుగని వెలిని బాల్యముననే యెఱిగిన ఆ కవి గుఱ్ఱము జాషువ. ఈ వార్షిక మహాసభా సంచికయందు ఆయన చరిత్రము చేర్పవలెనని సంఘాభిమానులు కొందఱు కోరుటచే, మాకు తెలిసినంతవఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జాషువ 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. ఆ యూరు నేడు పల్నాడు జిల్లాలో చేరియున్నది. తండ్రి వీరయ్యగారు యాదవ కులమున పుట్టి క్రైస్తవ మతమును స్వీకరించినవారు. తల్లి లింగమ్మగారు మన అరుంధతీయ కుటుంబమున పుట్టినది. కావున జాషువకవి మన యింటి యాడుబిడ్డ కడుపున పుట్టినవాడని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. యాదవ సోదరులకును అంతే హక్కు కలదు. ఐనను ఆ కాలమున ఈ హక్కులను కోరి ముందునకు వచ్చినవారు లేరు. రెండు కులముల కలయికవలన పుట్టిన బిడ్డ ఏ వాడకును పూర్తిగా చెందినవాడు కాక, రెండు వాడల నడుమ నిలువవలసి వచ్చెను. తల్లిదండ్రులు చేసికొన్న వివాహమునకు లోకము బిడ్డచేత సుంకము కట్టించెను.

బడిలో చేరిన దినమునుండియు నీ సుంకము వసూలగుచు వచ్చెను. తోడి పిల్లలు కులము పేరెత్తి వెక్కిరింపగా, పిల్లవాడు తలవంచుకొని పోక వారిపై తిరుగబడి కొట్టెడివాడని చెప్పుదురు. ఈ తిరుగబాటు గుణము ఆయనను కడవఱకు విడువలేదు. పెద్దవాడైన పిదప చేతికి మాఱుగా పద్యము వచ్చినది, అంతియే భేదము. చిన్ననాటనే బొమ్మలు గీయుటయందును పాటలు పాడుటయందును ఆయనకు నేర్పుండెను. వినుకొండలో బాల్యమిత్రుడైన దీపాల పిచ్చయ్యశాస్త్రిగారి సాహచర్యమున కవిత్వాసక్తి పెరిగెను. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును చదువుకొనెను. అంటరానివాడను వెలిచూపు చుట్టును ఉన్న దినములలో ఒక బ్రాహ్మణ పండితుడు కాళిదాసును చెప్పుటయు, ఒక బ్రాహ్మణ బాలుడు నెచ్చెలియగుటయు మఱువరాని విషయములు. అపకారము చేసినవారిని తలచునప్పుడు ఉపకారము చేసినవారిని గూడ తలచుట న్యాయము.

1910లో, అనగా పదునైదేండ్ల ప్రాయమున, ఆయనకు మేరీగారితో వివాహమయ్యెను. సంసారభారము మీద పడినది. మిషను పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా కుదిరెను. ఆ కొలువు నిలువలేదు. బ్రదుకుతెరువు వెదకికొనుచు రాజమహేంద్రవరము చేరి, 1915, 1916 సంవత్సరములలో అచట సినిమా వాచకుడుగా పనిచేసెను. అవి మూకీ చిత్రముల దినములు. తెరమీద బొమ్మలు కదలుచుండగా, వాచకుడు ప్రక్కన నిలిచి కథను చెప్పుచు, పాత్రల సంభాషణలను తానే పలుకుచు ప్రేక్షకులకు బోధపఱుపవలెను. కాళిదాసును చదివిన కంఠము చీకటిలో నిలిచి, తెరమీది బొమ్మలకు మాటలను అరువిచ్చి కూలి సంపాదించినది. ఐనను ఆ పని వృథ పోలేదని మాకు తోచుచున్నది. పామరజనమునకు వినగానే అర్థమగునట్లు పలుకుట యెట్లో, వారి మనస్సును పట్టి నిలుపుట యెట్లో అచట ఆయన నేర్చియుండును. ఆయన పద్యము పండితునకును పామరునకును ఒక్కటే విధముగా చెవి కెక్కుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

కవుల చరిత్రలలో ఇల్లాండ్ర పేరు ఒక్క పంక్తితో ముగియుట మన దేశమున ఆచారము. 3 రూపాయల జీతముతో ఇల్లు నడుపుట యెంత కష్టమో, ఆ జీతమును పోయినప్పుడు పొయ్యి వెలిగించుట యెంత కష్టమో గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కవి సభలలో పడిన యవమానము పద్యమైనది. ఇంటిలో ఇల్లాలు పడిన యవస్థ పద్యము కాలేదు. ఈ సంచికను చదువు సోదరీమణులు మేరీగారి పేరును గూడ మనస్సున నిలుపుకొందురుగాక.

ఇక ఆయన పడిన యవమానములలో రెండింటిని మాత్రము చెప్పెదము. వినుకొండలో ఒకప్పుడు అవధాన సభ జరుగగా, యువకుడైన జాషువ అచట పద్యములు చదివెను. పద్యములు బాగున్నవా లేవా యను విచారణ జరుగలేదు. తక్కువ కులమువానిని సభలోనికి రానిచ్చినవారెవరను ప్రశ్న బయలుదేఱినది. కొందఱు బాహాటముగా ఆయన నవమానించిరి. ఇట్టివి ఆయన జీవితమున పెక్కు జరిగినవి. పద్యము వినినంతసేపు తలలూచి, పిదప కులమడిగి తెలిసికొని లేచిపోయినవారి తీరును ఆయనయే పద్యములలో చెప్పుకొనియున్నాడు.

రెండవ యవమానము తనవారనుకొన్నవారి వలన కలిగినది. జాషువ పుట్టుకచేత క్రైస్తవుడు. కాని ఆయన చదివిన సాహిత్యము రామాయణ భారతములు, కాళిదాసు, తెలుగు ప్రబంధములు. ఆయన వ్రాసిన కావ్యములలో శివుడును, కాశియును, పురాణకథలును రాక తప్పలేదు. ఇది క్రైస్తవ మతాధికారులకు నచ్చలేదు. క్రైస్తవుడై యుండి హిందూ దేవతలను గూర్చి వ్రాయుచున్నాడని నేరము మోపి ఆయన కుటుంబమును క్రైస్తవ సమాజమునుండి వెలివేసిరి. హిందువులకు ఆయన అంటరానివాడు, క్రైస్తవులకు అన్యమతస్థుడు. ఒక గుమ్మమున కులము, మఱియొక గుమ్మమున మతము కావలి యుండగా ఆయనకు మిగిలిన యిల్లు తెలుగు పద్యమొక్కటియే.

పిదప గుంటూరులో లూథరను మిషనువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున సుమారు 10 సంవత్సరములు పనిచేసెను. 1928 మొదలు 1942 వఱకు ఆ పట్టణముననే ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా నుండెను. ఆయన ముఖ్యకావ్యములలో పెక్కు ఈ కాలమున వెలువడినవి.

వానిలో 1932లో వెలువడిన ఫిరదౌసి కావ్యమును మనము ప్రత్యేకముగా తలపవలెను. ఫిరదౌసి పారసీక దేశమున తూసు నగరమునకు చెందిన కవి, వేయి యేండ్లకు పూర్వమువాడు. తన దేశపు రాజుల చరిత్రను షానామా యను మహాకావ్యముగా మూడు దశాబ్దములకు పైగా శ్రమించి రచించెను. గజనీ సుల్తానైన మహమూదు పద్యమునకు ఒక్కొక్క బంగారు నాణెము చొప్పున ఇత్తునని మాట యిచ్చి, కావ్యము ముగిసిన పిదప వెండి నాణెములు పంపెననియు, కవి వానిని తిరస్కరించి దేశములు పట్టి తిరిగెననియు, తుదకు సుల్తాను పశ్చాత్తాపపడి పంపిన ధనము తూసు నగరపు ఒక ద్వారమున లోనికి వచ్చుచుండగా, మఱియొక ద్వారమున కవి శవము వెలుపలికి పోవుచుండెననియు, ఆయన కుమార్తె ఆ ధనమును ముట్టుటకు నిరాకరించెననియు తరతరములుగా చెప్పుకొను కథ. ఇది యంతయు జరిగినట్లు చరిత్రకారు లొప్పుకొనరు. అయినను కవుల హృదయములలో నీ కథ చరిత్రకన్న గట్టిగా నిలిచినది.

దేశమున రాజకథలకు కొదువ లేదు. పురాణకథలకు అంతకన్నను కొదువ లేదు. గుంటూరులోని యొక బడిపంతులు వానిని విడిచి, ఎన్నడు చూడని దేశములో, ఎప్పుడో పుట్టిన యొక తురుష్క మతస్థుడగు కవి కథను ఏల యెన్నుకొనెను? ఆ కథలో ఆయనకు తన ముఖమే కనబడినదని మేము తలంతుము. మాట తప్పిన దాతలను, ఆలస్యముగ వచ్చు సత్కారమును, మర్యాద చెడిన విద్వాంసుని గుండెమంటను ఆయన పుస్తకములవలన నేర్చుకొనవలసిన పని లేదు. తన దుఃఖమును తన పేరుతో చెప్పుకొనినచో లోకము వినదని యెఱిగి, దానిని ఫిరదౌసి నోట పలికించెనేమో! తెలుగువారు ఆ కావ్యమును చదివి పారసీక కవికై కన్నీరు పెట్టిరి. తమ యూరిలోని కవిని మాత్రము అరుగు దిగువననే నిలిపిరి.

1941లో వెలువడిన గబ్బిలము ఆయన కీర్తికి శిఖరము. బాల్యమున జూపూడివారి యొద్ద చదివిన మేఘసందేశము ఇరువదియేండ్లకు పైబడి మనస్సులో నాని యీ కావ్యముగా మొలకెత్తినది. కాళిదాసుని యక్షుడు ప్రియురాలికి మేఘముచేత సందేశము పంపెను. జాషువ నాయకుడు ఆకలిగొన్న యొక అంటరానివాడు. ఆతడు తన మొఱను కాశీనాథునకు వినిపింపగోరును. గుడిలో అడుగు పెట్టుటకు ఆతనికి హక్కు లేదు. రాత్రివేళ ఆతని గుడిసెలో దూఱిన గబ్బిలమునకు ఆ హక్కు కలదు. మనుష్యుని రానీయని గర్భాలయపు కప్పున గబ్బిలము తలక్రిందుగా వ్రేలాడవచ్చును. ఈ యొక్క విషయమును కావ్యవస్తువుగా చేసి చూపుటయే చాలును, ఎన్ని ఉపన్యాసములును దీనికి సాటిరావు. అపశకునమని లోకము తరుముకొట్టు ప్రాణిని దూతగా ఎన్నుకొనుటలో వెలివేయబడినవారి పొత్తు కలదు. వెలి యెట్టిదో ఎఱుగని కవికి ఆ ప్రాణి తోచియుండదు.

ఖండకావ్యములలోని శ్మశానవాటి పద్యముల చరిత్రము మఱియొక వింత. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకమును ప్రదర్శించు నటులు కాటిసీనులో జాషువ పద్యములను చేర్చి పాడసాగిరి. రాత్రులు జాగరము చేసి నాటకము చూచు వేలకొలది జనులు ఒన్సుమోరు కేకలతో వానిని మరల మరల పాడించుకొనిరి. వానిలో చాలమంది ఆ పద్యములు నాటకకర్తవే యనుకొనిరి. కాటిలో రాజును పేదయు ఒక్కటియే యను సత్యమును చెప్పిన పద్యములు ఊరూర మ్రోగినవి. వ్రాసినవాని పేరు మాత్రము వాని వెంట పోలేదు.

ఐనను సత్కారములు రాలేదని చెప్పుట సత్యము కాదు. తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, శతావధానులకు గురుతుల్యులైన వృద్ధపండితులు, నిండుసభలో తమ చేతులతో జాషువ పాదమునకు గండపెండేరము తొడిగిరి. అంటరానివాని కాలు ముట్టుట ఆనాడు సామాన్యమైన సాహసము కాదు. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి మొదలగు బిరుదములు వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున కొంతకాలము యుద్ధ ప్రచారోద్యోగమును, 1957 మొదలు 1959 వఱకు మద్రాసు రేడియో కేంద్రమున కార్యక్రమ నిర్మాతృత్వమును ఆయన నిర్వహించెను.

1958లో క్రీస్తుచరిత్ర వెలువడినది. హిందూ కథలు వ్రాసెనని తన్ను వెలివేసిన మతమునకు మూలపురుషుడైన క్రీస్తును గూర్చి, పగ మనస్సున పెట్టుకొనక, భక్తితో తెలుగు పద్యములలో వ్రాసెను. ఆ కావ్యమునకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో సభ్యత్వము వచ్చినది. వినుకొండ సభలోనికి రాదగనివాడన్న కవి హైదరాబాదులో శాసనసభాభవనమున కూర్చుండెను. 1970లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నొసగెను. 1971 జూలై 24వ తేదీన గుంటూరులో ఆయన పరమపదించెను. అప్పటి కాయనకు 75 ఏండ్లు.

పాఠకులు ఈ తేదీలను ఒక్కసారి ప్రక్కప్రక్కన పెట్టి చూతురుగాక. ఫిరదౌసి వ్రాసిననాటికి వయస్సు 37. గబ్బిలము నాటికి 46. అకాడమీ బహుమానమునాటికి 69. పద్మభూషణమునకును మరణమునకును నడుమ రెండేండ్లయినను లేవు. తూసు నగరపు రెండు ద్వారముల కథ మన గుంటూరులో ఇంచుమించుగా మరల జరిగినది. ధనము శవమునకు ఎదురు రాలేదు గాని, దాని దారిలోనే వచ్చినది.

ఫిరదౌసి కుమార్తె వలెనే జాషువ కుమార్తెయు తలపదగినది. హేమలతగారు ఫిరదౌసి కావ్యము వెలువడిన 1932లోనే జన్మించిరి. నాస్తికోద్యమ నాయకులగు గోరాగారి కుమారుడైన లవణంగారిని వివాహమాడిరి. స్టువర్టుపురమున నేరస్థజాతులని ముద్రవేయబడిన కుటుంబముల మార్పునకును, నిజామాబాదు ప్రాంతమున జోగినీ దురాచార నిర్మూలనమునకును పాటుపడి 2008లో కీర్తిశేషులైరి. తండ్రి పేరిట ఒక సంస్థను నెలకొల్పి, భారతీయ భాషలలో మానవతను చాటు రచయితలకు పురస్కారము లిచ్చు ఏర్పాటు చేసిరి. తూసు కన్య ఆలస్యముగ వచ్చిన ధనమును త్రోసిపుచ్చినది. ఈమె తండ్రికి రావలసి రానిదానిని ఇతర కవుల కిప్పించినది. రెండును ఆత్మగౌరవమునకు మార్గములే.

ఇక మన సంఘమునకు సంబంధించిన మాట యొకటి మనవి చేసికొందుము. జాషువ కులమును నమ్మినవాడు కాడు. తాను ఏ యొక్క కులమునకును మతమునకును చెందనివాడనని, విశ్వమానవుడనని చాటుకొన్నవాడు. అట్టి కవి చిత్రపటమును కులసంఘ మహాసభలో పెట్టి పూలదండ వేయుట ఉచితమా యని అడుగువారుందురు. ఆ ప్రశ్న న్యాయమైనది. మా సమాధానమిది. కులమువలన కలిగిన గాయమును మాన్పుటకు పుట్టిన సంఘమునకు ఆయనను తలచుకొను హక్కు కలదు. మనలో ఒకరినొకరు ఎక్కువ తక్కువలని చూచునంతకాలమును, వేఱు కులముల యువతీయువకులు వివాహమాడినపుడు వారి బిడ్డలను దూరముగ నిలుపునంతకాలమును ఆ హక్కు మనకు లేదు. లింగమ్మగారి కుమారుడు మనవాడని నేడు సగర్వముగా చెప్పుకొను మనము, అట్టి బిడ్డ మన వీథిలో పుట్టినచో నెట్లు చూతుమో ఎవరి మనస్సును వారడుగుకొనవలెను.

వదాన్యులైన పోషకులకు మఱియొక విన్నపము. మహాసభలకు పందిళ్లు వేయుదురు, విగ్రహములకు చందాలిత్తురు, సంచికలకు ప్రకటనలిత్తురు. ఇవన్నియు మంచివే. కాని 3 రూపాయల జీతమును పోగొట్టుకొని రాజమహేంద్రవరపు చీకటిగదిలో సినిమాకు మాటలు చెప్పిన యిరువదియేండ్ల జాషువకు ఆనాడు పుస్తకముల కొఱకు కొంత ధనము ఇచ్చినవాడెవడైన నుండెనేని, ఆతని పేరు నేడు మనము విగ్రహము పేరుకన్న ముందుగా తలచియుందుము. చదువుమీద ఆశ గలిగి ఫీజు కట్టలేని పిల్లలును, వ్రాయు శక్తి గలిగి అచ్చు వేయించుకొనలేని యువకులును మన యూళ్లలో నేడును కలరు. వారిలో జాషువ యెవడో ముందుగ చెప్పుట ఎవరి తరమును కాదు. అందుచేతనే అందఱకును సాయము చేయవలసియున్నది. ఈ మహాసభలో సమకూడు ధనములో కొంత భాగమును జాషువ పేరిట విద్యార్థుల సహాయనిధిగా ఏర్పఱుచు విషయమును కార్యనిర్వాహకులు ఆలోచింపవలెనని కోరుచున్నాము.

జాషువకవి తన జీవితమును తానే నా కథ యను పేర పద్యములలో వ్రాసికొనినాడు. కుతూహలము గలవారు దానిని చదువుదురుగాక. గబ్బిలమును ఇంటింట చదివింతురుగాక. ఆ కావ్యములోని పేదవాడు పంపిన సందేశము చేరవలసిన చోటు కాశి యొక్కటియే కాదు. మన పోషకుల యిండ్ల గుమ్మములును ఆ దారిలోనే యున్నవి. సుల్తాను బంగారము బయలుదేఱుటకు ఆలస్యమయ్యెను. మన సాయము అట్లు కాకుండునట్లు సర్వేశ్వరుడు మన సంఘీయులకు సద్బుద్ధి నొసగుగాక!